క్యాన్సిల్ బటన్ దాచమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్ చదువుతూ ఒక యాప్ కంపెనీలో యూఐ/యూఎక్స్ ఇంటర్న్‌గా చేరాను. సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ బటన్ తేలిగ్గా కనబడకుండా స్క్రీన్లు గీయమన్నారు. కస్టమర్లు రాసినట్టే ఏఐతో రివ్యూలు రాయించి పెట్టమంటున్నారు. కాదంటే ఉద్యోగం ఇవ్వరేమోనని భయంగా ఉంది.
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: రివ్యూల పని మాత్రం చేయకండమ్మా. వాడని మనిషి పేరుతో పొగడ్త రాయించడం పచ్చి మోసం. అది నమ్మి డబ్బు కట్టేది మన ఇళ్లలోవాళ్లే.

బటన్ సంగతికొస్తే, దీనికి మన దేశంలో నిబంధనలున్నాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్‌పై, అంటే వాడేవాళ్లను బోల్తా కొట్టించే డిజైన్లపై, మార్గదర్శకాలిచ్చింది. అందులోని 13 రకాల్లో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ ఒకటి. చేరడానికి ఒక్క క్లిక్కు, మానేయడానికి చిక్కుముడి. యూపీఐ ఆటోపేలో నెలనెలా డబ్బు కటవుతున్నా ఎక్కడ ఆపాలో తెలియక ఊరుకునే పెద్దవాళ్లను చూస్తూనే ఉన్నాం.

అమెరికాలో అమెజాన్ ప్రైమ్ కేసు మీలాంటి డిజైనర్లు తప్పక చదవాలి. మెంబర్‌షిప్ వదులుకోవాలంటే 4 పేజీలు, 6 క్లిక్కులు, 15 ఆప్షన్లు దాటాల్సి వచ్చేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో దావా వేసింది. 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ దావాలో కంపెనీతో పాటు కొందరు సీనియర్ ఉద్యోగులనూ ప్రతివాదులుగా చేర్చారు. పైవాళ్లు చెప్పారు, నేను గీశాను అంటే చెల్లుతుందన్న ధీమా వద్దు.

గొడవ పడాల్సిన పనిలేదు. మేనేజరుకు మెయిల్ పెట్టండి: 'ఈ స్క్రీన్ 2023 మార్గదర్శకాల కింద సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అవుతుందేమో, లీగల్ వాళ్లకు ఒకసారి చూపిద్దామా సార్?' దాంతోపాటే మరో డిజైన్ జతచేయండి. సెట్టింగ్స్‌లోనే క్యాన్సిల్ బటన్, పక్కన 'ఒక నెల ఆపండి' అన్న ఆప్షన్. కస్టమర్‌ను నిలుపుకోవాలనే వాళ్ల ఆశకూ అందులో చోటుంది. చాలాచోట్ల ఇంతటితోనే మాట మారుతుంది.

అప్పటికీ వినకపోతే వేరే పని అడగండి. అదీ ఇవ్వకపోతే కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసరుకు రాతపూర్వకంగా చెప్పి బయటికి రండి. సర్టిఫికెట్ పోయినా ఫర్వాలేదు, మీరు చేసిన డిజైన్లు చూపించే పోర్ట్‌ఫోలియోలో సిగ్గుపడి దాచుకోవాల్సిన పని ఉండకూడదు. దాని బదులు అందరికీ అందుబాటులో ఉన్న ఏదైనా టికెట్ బుకింగ్ యాప్ తీసుకుని, ఆ 13 రకాల్లో ఏవి కనబడ్డాయో స్క్రీన్‌షాట్లతో చూపించి, సరిచేసిన డిజైన్ పక్కన పెట్టండి. ఇప్పటి కంపెనీ స్క్రీన్లు మాత్రం వాడొద్దు, మీరు సంతకం చేసిన ఒప్పందం అడ్డొస్తుంది.