ఆ ఈతచెట్టు దగ్గరికే మళ్ళీ మళ్ళీ

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. ఆదివారాలు మీ అపార్ట్‌మెంట్ పిల్లల్ని చెరువు గట్టుకు తీసుకువెళ్ళి చెట్టూ పిట్టా చూపించాలనుకుంటున్నట్టు రాశావు. చాలా సంతోషం. నువ్వు పంపిన పట్టిక కూడా చూశాను. రెండు గంటల్లో పద్నాలుగు అంశాలు! పక్షుల గుర్తింపు, ఆకుల సేకరణ, క్విజ్, ప్రతిజ్ఞ, చివర సర్టిఫికెట్లు. కోప్పడనంటే అందులో పదమూడు కొట్టేస్తాను.

ఆ తప్పు నేనూ చేశాను కాబట్టే చెబుతున్నాను. 1994 జనవరిలో మా బడి పిల్లలు అరవై మందిని బస్సెక్కించి నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకువెళ్ళాను. నీళ్ళలో నిలబడ్డ చెట్ల నిండా గూడబాతులు, గూళ్ళు. గొంతు బొంగురుపోయేదాకా వివరించాను. మర్నాడు చూసింది బొమ్మ గీయమంటే సగానికి పైగా బస్సు గీశారు. ఒకడైతే పులిహోర పొట్లం గీశాడు, కరివేపాకు రెబ్బలతో సహా. వాడి పరిశీలన మీద నాకిప్పటికీ గౌరవమే.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక పదకొండు మందిని మాత్రమే వెంటబెట్టుకుని బడి వెనక కుంటకు వెళ్ళాను. అక్కడ నీళ్ళ మీదికి వంగిన ఒక ఈతచెట్టు, దానికి గిజిగాడి గూళ్ళు. అంతే. వారం వారం ఆ చెట్టు దగ్గరికే వెళ్ళాం. మూడో వారానికి పిల్లలే గూళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కొన్ని గూళ్ళు సగంలో ఎందుకు ఆగిపోయాయని ఒక అమ్మాయి అడిగింది. నేను జవాబు చెప్పలేదు. చూస్తూ ఉండమన్నాను. మగపిట్ట సగం గూడు అల్లి వేలాడుతూ రెక్కలు కొట్టడం, ఆడపిట్ట వచ్చి లోపల తొంగిచూసి ఎగిరిపోవడం రెండు వారాల తర్వాత ఆ పిల్లే పట్టుకుంది. ఆడపిట్టకు నచ్చితేనే మగపిట్ట గొట్టంలాంటి దారి అల్లి గూడు పూర్తి చేస్తుంది. ఆ సంగతి నేను మొదటి రోజే చెప్పేసి ఉంటే అది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అయ్యేది.

అందుకని, నువ్వు కూడా ఒక్క చోటు ఎంచుకో. మీ చెరువు పక్కన జమ్ము, తుమ్మ, ఈత ఎలాగూ ఉంటాయి. వేసవి శిబిరం అని మే నెలలో మాత్రం పెట్టకు. రోహిణి కార్తె ఎండలో పిల్లలకు కనపడేది వాళ్ళ నీళ్ళ సీసా ఒక్కటే. ఆరుద్ర కార్తెలో, అంటే జూన్ ఆఖరి వారంలో, పొద్దున్నే ఆరున్నరకు మొదలుపెట్టు. మంచి వాన పడితే ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. మేం చిన్నప్పుడు వాటిని అగ్గిపెట్టెల్లో దాచి చంపుకున్నాం. నీ పిల్లల చేత అరచేతిలో నడిపించి, ఎక్కడ తీశారో అక్కడే వదిలించు.

సామాను గురించి అడిగావు. బైనాక్యులర్లు ఇప్పుడే కొనకు. ఒకటుంటే దాని కోసం కొట్టుకుంటారు. పాత తెల్ల దుప్పటి ఒకటి చాలు. పొద కింద పరిచి కొమ్మను నాలుగుసార్లు దులిపితే సాలీళ్ళు, పెంకు పురుగులు, పుల్లలాగే ఉండే గొంగళిపురుగులు రాలతాయి. గంట సేపు ఎవరూ ఇంటి మాట ఎత్తరు. నిమ్మ మొక్కో, కరివేపాకు మొక్కో ఉంటే ఆకుల మీద పిట్ట రెట్టలాంటి మచ్చ కోసం వెతికించు. అది సీతాకోకచిలుక పిల్ల. పెద్దయ్యాక పచ్చగా మారుతుంది, పుల్లతో తాకితే తల వెనక నుంచి కొమ్ములు చాచి వాసన వదులుతుంది. ఒకసారి మేం సీసాలో పెంచిన గొంగళిపురుగు గూటి నుంచి సీతాకోకచిలుకకు బదులు చిన్న చిన్న కందిరీగలు వచ్చాయి. ఒక బాబు ఏడ్చాడు. ఏడవనివ్వు. వెంటనే నీతికథ చెప్పి ఓదార్చకు.

ఇక జాగ్రత్తలు. ఎనిమిది మంది పిల్లలకు ఒక పెద్ద మనిషి ఉండాలి, మొత్తం పదహారు దాటకూడదు. నీటి అంచుకు ముందు పెద్దవాళ్ళు, వెనక పిల్లలు. నిండు ప్యాంటు, మూసి ఉన్న బూట్లు వేసుకు రమ్మను. రాళ్ళ కింద, పొదల్లో చెయ్యి పెట్టకూడదు. తేనెపట్టు ఉన్న చెట్టు కింద ఆగకూడదు. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు పాలు, దూలగొండి, ఈ నాలుగింటినీ మొదటి రోజే చూపించు. పాము కరిస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం, పసరు పోయడం ఏవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. ఇన్నేళ్ళలో నాకా అవసరం రాలేదు. నిజంగా ఇబ్బంది పెట్టింది మరుగుదొడ్డి. బయలుదేరే ముందే అందరినీ వెళ్ళి రమ్మను, ముఖ్యంగా ఆడపిల్లల కోసం దగ్గర్లో ఒక ఇల్లు మాట్లాడి పెట్టుకో.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. చెరువులో వల వేసే మనిషినో, గట్టున మేకలు తోలే ఆయననో బతిమాలి ఒక ఆదివారం పిలువు. ఆ రోజు కూలి చేతిలో పెట్టు, పిల్లల చేత నమస్కారం పెట్టించు. మేక ఏ ఆకు తింటుంది, ఏది వాసన చూసి వదిలేస్తుంది అని మాకు చెప్పిన కాపరి ముందు నా డిగ్రీ చిన్నబోయింది.

తల్లిదండ్రులు వచ్చి ‘ఇంతకీ ఏం నేర్చుకున్నారు?’ అని అడుగుతారు. వాళ్ళనూ ఒకసారి రమ్మను, ఫోన్లు సంచిలో పెట్టించి. దసరాకు పంజరంలో పాలపిట్టను తెచ్చి చూపించి డబ్బులడిగేవాళ్ళు మీ వైపు ఉంటారు కదా. పిల్లలకు ముందే చెప్పి ఉంచు, 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అలా పట్టడం నేరమని. కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టను వాళ్ళే వెతికి ఇంట్లోవాళ్ళకు చూపిస్తారు. పెద్దల ప్రశ్నకు జవాబు ఆ రోజు దొరుకుతుంది.

నా పాత భూతద్దాలు ఆరు పార్సిల్‌లో పంపిస్తున్నాను. ఒకదాని పిడి విరిగింది, అది నువ్వు ఉంచుకో. ఏ చెట్టు ఎంచుకున్నావో రాయి.

మీ పెదనాన్న