పొలానికి వెళ్లొచ్చాక జ్వరమా? ముందు ఒళ్లంతా వెతకండి

ప్రశ్న: మాది తిరుపతి. బాబుకు రెండున్నరేళ్లు. కార్తీక మాసం వనభోజనాలకు చంద్రగిరి దగ్గర మా మామగారి పొలానికి వెళ్లాలనుకుంటున్నాం. చెనక్కాయలు కూడా పీకుతున్నారట. నిరుడు అక్కడికి వెళ్లొచ్చిన మా ఆడపడుచు కూతురికి పది రోజులకు జ్వరం పట్టుకుంటే, చివరికి స్క్రబ్ టైఫస్ అని తేలింది. బాబును తీసుకెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. మానుకోమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మానుకోవద్దమ్మా, తీసుకెళ్లండి. గెనిమల మీద నడవడం, దూడను తాకడం ఆ వయసులో వాడికి పెద్ద పండగ.

మీ భయం ఉత్తిది కాదు. మన వైపు వానలు పడ్డాక పొదలు, గడ్డి గుబురుగా పెరిగే ఈ రోజుల్లోనే స్క్రబ్ టైఫస్ ఎక్కువ. గడ్డిలో ఉండే, కంటికి సరిగా ఆనని మైట్ అనే జీవి పిల్ల పురుగులు (లార్వాలు) కుడితే వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటదు. అందుకే నిండు చేతుల చొక్కా, ప్యాంటు, సాక్సులు, బూట్లు వేయండి, నేల మీద కాకుండా చాప మీద కూర్చోబెట్టండి, విప్పిన బట్టలు పొద మీద ఆరేయకండి. దోమల క్రీమ్ రాస్తే వేళ్లకు మాత్రం వద్దు, నోట్లో పెట్టుకుంటాడు. ఇంటికి రాగానే సబ్బుతో బాగా రుద్ది స్నానం చేయించి, ఆ బట్టలు వేడినీళ్లలో ఉతికేయండి.

కుట్టాక 6 నుంచి 21 రోజుల్లోపు, ఎక్కువగా పది రోజులకు జ్వరం వస్తుంది. అప్పటికి పొలం సంగతి ఎవరికీ గుర్తుండదు, చిక్కంతా అక్కడే! మందుల షాపులో తెచ్చిన సిరప్‌తో నాలుగు రోజులు గడిపేస్తారు. మామూలుగా వాడే అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్స్ దీనికి పనిచేయవు. డాక్సీసైక్లిన్ గానీ అజిత్రోమైసిన్ గానీ డాక్టరు చెప్పిన మోతాదులో పడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. కాబట్టి జ్వరం రాగానే ఒళ్లంతా వెతకండి: చంకలు, గజ్జలు, చెవుల వెనక, మొలతాడు కింద. చుట్ట నిప్పు అంటుకున్నట్టు చిన్న నల్లటి పక్కు ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి వాడు చెప్పడు. అందరికీ కనిపించదు, మొదటి వారంలో రక్తపరీక్ష కూడా నెగటివ్ రావచ్చు. అయినా డాక్టరుతో 'ఫలానా రోజు పొలానికి వెళ్లాం' అని చెప్పండి, ఆ ఒక్క మాటతో మా పని సగం తేలికవుతుంది.

నిజానికి నన్ను ఇంతకంటే భయపెట్టేది చెనక్కాయ. పచ్చివైనా, ఉడికించినవైనా, వేయించినవైనా నాలుగేళ్లు నిండేదాకా గింజలుగా ఇవ్వొద్దు, నవ్వుతూ పరిగెత్తుతూ నములుతుంటే గాలిగొట్టంలోకి పోతుంది. 'ఒక్కటి తింటే ఏమవుతుందిలే' అని అవ్వ పెడుతుంది, ముందే చెప్పి ఉంచండి. ఒక్కసారిగా పొర పోయినట్టు దగ్గి తర్వాత మామూలుగా అయినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, ఎక్స్‌రేలో చెనగింజ కనిపించదు, గాలిగొట్టంలోకి సన్నని కెమెరా గొట్టం వేసి చూడాల్సి రావచ్చు. మెత్తగా నూరి ఇస్తే ఇబ్బంది లేదు.

అప్పుడే పితికిన పాలు తాతగారు ఎంత ముద్దుగా ఇచ్చినా కాచే పట్టండి. దూడను ముట్టాక సబ్బుతో చేతులు కడగండి. బావి దగ్గర, మోటారు తొట్టి దగ్గర బాబు బాధ్యత ఫలానా వారిదని ఒక్కరికే అప్పగించండి, పదిమంది ఉన్నచోట ఎవరికి వారు పక్కవారు చూస్తున్నారనుకుంటారు.

వెళ్లొచ్చిన తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. మూడు వారాల్లోపు జ్వరం వస్తే రెండో రోజుకల్లా పిల్లల డాక్టరుకు చూపించండి. ఆయాసం, మత్తుగా పడుకోవడం, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ గంటలోనే బయల్దేరండి.