స్పైడర్ ప్లాంట్ కొసలు మాడటం నీళ్ల వల్లేనండీ
బోరు నీళ్లే పోస్తున్నానని, ఆకుల కొసలు మాడి మట్టి మీద తెల్లటి పొర కడుతోందని రాశారు. ఆ పొర నీళ్లలోని ఉప్పులదే. మీది నల్గొండ వైపు కాబట్టి ఫ్లోరైడ్‌నీ అనుమానించాలి; స్పైడర్ ప్లాంటు, డ్రసీనా దాన్ని తట్టుకోలేవు. రాత్రంతా బకెట్లో ఉంచితే క్లోరిన్ తగ్గుతుంది గానీ ఫ్లోరైడ్ మరిగించినా పోదు.

వాననీళ్లు పట్టి దాచుకోండి, వాటిని మించినవి లేవు. లేదంటే ఆర్వో మంచినీళ్లు పోస్తూ, నెలకోసారి పల్చగా ఎరువు కలపండి. ఆర్వో బయటికి వదిలే నీళ్లు మాత్రం దయచేసి వద్దు, ఉప్పంతా వాటిలోనే చేరుతుంది. వృథా ఎందుకని నేను అవే పోసి రెండు మొక్కలు పోగొట్టుకున్నాను.

ముందు ఒకసారి మంచినీళ్లు కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పోయండి. మాడిన కొసలు మళ్లీ పచ్చబడవు, కొత్త ఆకులు ఎలా వస్తున్నాయో చూడండి.