సర్పంచిగా మొదటిసారి నిలబడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జడ్చర్ల దగ్గర మీ ఊళ్ళో వచ్చేసారి సర్పంచిగా నిలబడాలని ఉందని, ఇంట్లో రాజకీయం తెలిసినవాళ్ళు లేరని, డబ్బు కూడా పెద్దగా లేదని, ఇప్పటి నుంచే ఏం చేయాలని అడిగావు చెల్లె. మాది దేవరకొండ వైపు చిన్న పంచాయతీ. 2019 జనవరిలో మొదటిసారి నిలబడి ఏడు ఓట్లతో ఓడిపోయాను. 2025 డిసెంబర్‌లో గెలిచాను. నేను చెప్పేది ఒకటే: ముందు ఓటరు లిస్టు పట్టుకో, ఆ లిస్టులోని ప్రతి గడపా నువ్వే ఎక్కు.

మొదటిసారి నా బదులు మా ఆయన, మరుదులు, వాళ్ళ దోస్తులు తిరిగారు. నేను వెనకాల దండాలు పెట్టుకుంటూ నడిచాను. ఫలానా వాడ మొత్తం మనదే అంటే నమ్మాను. రెండోసారి ఆరు నెలల ముందే లిస్టు జిరాక్స్ తీయించి, వార్డుకో నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఒక్కో పేరు పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాను: ఊళ్ళో ఉన్నారా, హైదరాబాద్‌లో ఉన్నారా, చనిపోయారా, పెళ్ళయి వెళ్ళిపోయారా. మా దగ్గర చాలా ఇళ్ళకు తాళాలే. ఎల్బీనగర్, హయత్‌నగర్ వైపు పనులకు పోయారు. మీ పాలమూరు వాళ్ళయితే ముంబై, పుణె దాకా పోతారు. వాళ్ళకు ఎన్నికల వారంలో ఫోన్ చేస్తే అవసరానికి చేశావంటారు. ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మకు పింఛను ఆగినప్పుడు చేస్తే గుర్తుంచుకుంటారు. కొత్త కోడళ్ళ పేర్లు, పద్దెనిమిది నిండిన పిల్లల పేర్లు ఫారం 6 తో ఇప్పుడే ఎక్కించు. పంచాయతీ లిస్టు అసెంబ్లీ లిస్టు నుంచే తయారవుతుంది, చివర్లో ఉరికితే పని కాదు.

2019 లెక్కింపు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఇరవై మూడు ఓట్లు చెల్లలేదు. ఒక గులాబీ బ్యాలెట్ కాగితం మీద స్వస్తిక్ ముద్ర సరిగ్గా రెండు గుర్తుల మధ్య గీత మీద పడింది. ఇంకొకదాని మీద నా గుర్తు పక్కన ముద్రే లేదు, వేలిముద్ర ఉంది. ఎవరో ముసలామె నాకే వేయాలని వచ్చి, బొటనవేలు అద్ది వెళ్ళింది. ఆ రాత్రి ఓడినదానికంటే ఆమె కోసం ఎక్కువ ఏడ్చాను. అందుకే రెండోసారి పాత నోటుబుక్కు కాగితాల మీద గళ్ళు గీసి, అవ్వల దగ్గర కూర్చుని చూపించాను. సర్పంచికి గులాబీ కాగితం, వార్డు మెంబరుకు తెల్లది. ముద్ర గడి మధ్యలో వేయాలి. సిరా ఇంకో గుర్తుకు అంటకుండా ముందు నిలువుగా మడవాలి. గుర్తును మనం కోరుకునేది ఉండదు. పార్టీ గుర్తులుండవు, అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షర క్రమంలో పేర్చి వరసగా ఇస్తారు. గుర్తు చేతికొచ్చాక మిగిలేది వారం రోజులే. ఆ వారంలో నువ్వెవరో చెప్పుకోవాల్సి వస్తే ఇక ఓడిపోయినట్టే.

కాగితాలు కష్టమేమీ కాదు. 21 ఏళ్ళు నిండాలి, మీ పంచాయతీ లిస్టులో పేరుండాలి. ఇంటి పన్ను బకాయి లేకుండా కట్టి రసీదు దాచుకో, కుల ధ్రువీకరణ పత్రం ముందే తీసిపెట్టుకో. ఖర్చుకు వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. డిపాజిట్ 2,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 1,000. మహిళా రిజర్వేషన్ రాలేదని ఆగకు, జనరల్ సీటులోనూ ఆడవాళ్ళు నిలబడొచ్చు.

డబ్బు సంగతి. జనాభా 5,000 లోపు ఊరికి ఖర్చు పరిమితి లక్షన్నర, అంతకు మించితే రెండున్నర లక్షలు. మందు, పైసలు లేకుండా గెలవలేవని అందరూ అంటారు. 2019లో మేము నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చాం. ఎక్కువ భాగం వెంట తిరిగినవాళ్ళ తిండికీ బండ్లకూ పోయింది. తీర్చడానికి మూడేళ్ళు పట్టింది. రెండోసారి అప్పు చేయనని ఇంట్లో ముందే తెగేసి చెప్పాను, చేయలేదు. మెడలో పుస్తెలతాడు తీసి తాకట్టు పెట్టే పరిస్థితి వస్తే మాత్రం నిలబడకు చెల్లె.

చాలామంది చూసుకోనిది ఇంకొకటుంది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ చెక్కు మీద సర్పంచితో పాటు ఉప సర్పంచి సంతకం కూడా ఉండాలి. ఉప సర్పంచిని ఎన్నుకునేది వార్డు మెంబర్లు. నువ్వు గెలిచి, వాళ్ళంతా నీకు ఎదురుంటే మోరీ తీయించడానికి కూడా రోజూ బతిమాలాలి. కాబట్టి వార్డుల్లో ఎవరు నిలబడుతున్నారో ఇప్పటి నుంచే చూడు, మంచివాళ్ళను నువ్వే అడిగి నిలబెట్టు.

ఓడినా గెలిచినా ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్ళు అనర్హత పడుతుంది. ఓడిన బాధలో నేను దాన్ని మరిచిపోతే, పక్క ఊరి మాజీ వార్డు మెంబరు ఒకామె ఫోన్ చేసి గుర్తు చేసింది.

ఇక రేపు చేయాల్సిన పని: గ్రామసభ రెండు నెలలకొకసారి జరగాలి. మీ ఊళ్ళో ఈసారి ఎప్పుడో పంచాయతీ కార్యదర్శిని అడిగి కనుక్కో. ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని పో. ముందు వరసలో కూర్చుని, మీ వాడకు నీళ్ళు ఎందుకు సరిగా రావట్లేదో నిలబడి అడుగు.