షికాగో నల్లవారి పత్రికలు

ప్రశ్న: ఆఫ్రికన్ అమెరికన్ల పత్రికలు అమెరికాలోని ఏదైనా ఒక రాష్ట్రంలో ఎలా ఎదిగాయో తెలుపగలరా?
– ఒక పాఠకురాలు, మైలాపూరు, చెన్నై

జవాబు: ఇల్లినాయ్ రాష్ట్రాన్ని తీసుకుందాం. షికాగోలో నల్లవారి తొలి పత్రిక, 1878లో ఫెర్డినాండ్ బార్నెట్ ప్రారంభించిన 'కన్సర్వేటర్'. మూకహత్యలను ఎండగట్టిన ఐడా వెల్స్ 1895లో ఆయనను వివాహమాడి, ఆ పత్రిక సంపాదకత్వం స్వీకరించారు.

అయితే అసలు కథ 1905లో రాబర్ట్ అబట్ స్థాపించిన 'షికాగో డిఫెండర్'ది. 25 సెంట్ల పెట్టుబడితో, 300 ప్రతులతో మొదలైన ఈ వారపత్రికను దక్షిణాది రాష్ట్రాలలో బహిరంగంగా పంచడం ప్రమాదకరం కావడంతో, పుల్‌మన్ అనే పడక రైలుపెట్టెలలో పనిచేసే నల్లజాతి పోర్టర్లు కట్టలను రహస్యంగా చేరవేసేవారు. అక్కడ మంగలి దుకాణాలలో, చర్చిలలో ఒకరు చదువుతుంటే పదిమంది వినేవారు. మన 'ఆంధ్రపత్రిక' బొంబాయి నుండి మద్రాసుకు తరలివచ్చినది 1914లో. సరిగ్గా ఆ దశకంలోనే డిఫెండర్, దక్షిణాదిలో నల్లవారిపై జరిగే హింసను వివరంగా ప్రచురిస్తూ, ఉత్తరాది ఉద్యోగ ప్రకటనలను, రైళ్ల వేళలను కూడా ముద్రిస్తూ, తన పాఠకులను షికాగోకు తరలిరమ్మని పిలిచింది. వార్తాపత్రిక ఒక మహావలసకు ఇంతగా ఊతమివ్వడం అరుదనే చెప్పాలి. 1940లో అబట్ మరణించాక ఆయన సోదరుని కుమారుడు జాన్ సెంగ్‌స్టాక్ నడిపిన ఆ పత్రిక 1956లో దినపత్రికగా మారింది. 2019 జూలైలో ముద్రణ నిలిపి అంతర్జాలానికి పరిమితమయింది.