ఖరీదైన చాక్లెట్ కొంటే కోకో రైతుకు ఏమైనా మిగులుతుందా?

బెంగళూరులో మూడొందలు పెట్టి చాక్లెట్ బార్ కొంటున్నాం, అందులో మన ఏలూరు రైతుకు ఎంత పోతుంది, అతని కుటుంబం గడిచేలా మనం చేయగలిగిందేమైనా ఉందా అని అడిగారు. నేను ఇక్కడ ఒక చిన్న చాక్లెట్ యూనిట్‌లో గింజల కొనుగోలు చూస్తానండి. మా బాబాయి వాళ్లకు ద్వారకా తిరుమల దగ్గర కొబ్బరిలో అంతర పంటగా కోకో ఉంది.

ముందు లెక్క చూడండి. 60 గ్రాముల, 70 శాతం బార్‌లో కోకో 42 గ్రాములు. వేయించి పొట్టు తీస్తే పోయే తరుగు కూడా కలుపుకుంటే ఎండు గింజలు సుమారు 55 గ్రాములు కావాలి. కిలో 500 అనుకుంటే 27 రూపాయలు. రైతుకు కిలోకి ఇంకో వంద ఇచ్చినా బార్ మీద పడేది ఐదారు రూపాయలే. అది మోయలేమని మాలాంటి వాళ్లు అంటే నమ్మకండి.

నన్నడిగితే రేటు ఎంతన్నదాని కంటే ఎప్పుడు చెప్పారన్నది ముఖ్యం. 2024 ఎండాకాలంలో ఎండు గింజలు కిలో వెయ్యి దాకా పలికాయి. మా బాబాయి పక్క తోట చేసే ఆయన ఆ రేటు చూసి కౌలు ఒప్పుకున్నాడు. మరుసటి ఏడు ధర సగం కంటే కిందికి పడింది. రైతులు రోడ్డెక్కాక, ప్రభుత్వం కిలోకి 50 కలిపి 500 వచ్చేలా చూసింది. కౌలు మాత్రం తగ్గలేదు.

ప్రపంచంలో కోకో ఎక్కువగా పండించే ఐవరీ కోస్ట్, ఘనా దేశాలు 2020-21 సీజన్ నుంచి ఇలాంటి రైతుల కోసమే టన్నుకు 400 డాలర్లు అదనంగా అడిగాయి. కొనేవాళ్లు అప్పటికే గింజల నాణ్యతను బట్టి విడిగా ఇచ్చే అదనపు మొత్తంలో (ప్రీమియంలో) కోత పెట్టి ఆ లాభాన్ని చాలావరకు కరిగించేశారు. అందుకే పేపరు మీద బోనస్ ఉందంటే నాకు సరిపోదు, చివరికి చేతికొచ్చిన మొత్తమే అడుగుతాను.

ఇక చాక్లెట్ రుచి కోసం గింజల్ని పులియబెట్టడం. పచ్చి గింజల్ని చెక్క పెట్టెల్లో పోసి, గోనెసంచులు కప్పి, మధ్యమధ్య తిరగేస్తూ ఆరేడు రోజులు ఉంచాలి. ఆ తర్వాత ఎండబెట్టాలి. మూడు కిలోల పచ్చివి కిలో ఎండువి అవుతాయి. లోడు రాగానే గుప్పెడు తీసి ఒక్కో గింజనూ నిలువునా కోస్తాం. లోపల గోధుమ రంగు, పగుళ్లు ఉంటే బాగా పులిసింది. ఊదాగా ఉంటే సగమే. పలక రంగులో గట్టిగా ఉంటే అసలు పులవలేదు. ఎండబెట్టే రోజుల్లో వాన పడితే బూజు. ఈ నష్టమంతా రైతు నెత్తినే పడుతోందని, తోటల దగ్గరే షెడ్డు వేసి ఇప్పుడు పచ్చి గింజలే కొంటున్నాం. కాయ కొట్టిన రోజే డబ్బు ఇచ్చేస్తాం.

మీరు చేయగలిగిందీ ఉంది. కొనేచోట కిలోకి రైతుకు ఎంత ఇచ్చారు, ఆ రేటు కోతకు ముందే రాసిచ్చారా అని అడగండి. మీ ఆఫీసు దీపావళికి గిఫ్ట్ బాక్సులు తీసుకుంటుంటే, సెప్టెంబరు దాకా ఆగకుండా జనవరిలోనే కొంత అడ్వాన్సు ఇచ్చి ఆర్డరు ఖాయం చేయమనండి. కాయ ఎక్కువగా వచ్చేది ఎండాకాలంలో. అప్పటికి ఆ డబ్బు చేతిలో ఉంటే, మాలాంటి చిన్న యూనిట్ కూడా రైతుకు ముందే రేటు రాసివ్వగలదు.