వ్యాను పిలిచే ముందు ఓపీ చీటీ రాయించండి

(సర్కారు దవాఖాన మానసిక విభాగంలో పనిచేసి రిటైరైన హెడ్ నర్సు ఈ శీర్షికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నారు. ఉత్తరాలు రాసినవారి పేర్లు, ఊర్లు వేయడం లేదు.)

ప్రశ్న: అక్కా, మాది కామారెడ్డి జిల్లా. నేను బీడీలు చేస్తాను. మా ఆయన దుబాయ్‌లో కొన్నేళ్లు ఉండి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి పొద్దున కల్లు, రాత్రి క్వార్టర్. పొద్దున కల్లు పడకపోతే చేతులు వణుకుతాయి. పోయిన కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటానని మానేస్తే రెండో రోజే ఫిట్స్ వచ్చినయి. మా మరిది ఒక డీ-అడిక్షన్ సెంటర్ నంబర్ పట్టుకొచ్చిండు. వాళ్లే వ్యాను తెచ్చి ఎత్తుకపోతారట. ఆరు నెలలు ఉంచాలట, నెలకు పాతిక వేలట, మొదటి మూడు నెలలు మేం చూడ్డానికి కూడా రావొద్దట. పుస్తెలు కుదువ పెట్టమంటున్నడు. మా దగ్గర్ల ఇంకెక్కడ చూపించాలె?

జవాబు: చెల్లీ, పుస్తెలు మెడలోనే ఉంచుకో. ఆ వ్యానుకు ఫోన్ చేయకు. వీటికంటే ముందు ఇంకో మాట. రేపటి నుంచే బందు పెడతానని ఆయన పిల్లల మీద ఒట్టేసినా సరే, ఇంట్లో ఉన్నపళంగా మాన్పించొద్దు. ఒకసారి ఫిట్స్ వచ్చినవాడికి మానిన ప్రతిసారీ మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ. ఫిట్స్ మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో కొట్లాడతారు, ఒళ్లంతా చెమటలు, జ్వరం. ఆ దశలో చూపించకపోతే ప్రాణాలు పోతాయి. తాగేవాడిని డాక్టరును కలిసేదాకా ఆపొద్దనడం భార్యకు ఎంత మింగుడుపడదో నాకు తెలుసు. అయినా చెబుతున్నాను.

మాల సంగతి కూడా ఇదే. మండల దీక్షలో నలభై ఒక్క రోజులు ముట్టకుండా ఉన్నవాళ్లు మన ఊళ్లల్లో ఎంతోమంది. వాళ్లను చూసి అందరూ అట్లాగే మానేయొచ్చనుకుంటాం. పొద్దున్నే చేతులు వణికే దాకా వచ్చినవాడి ఒళ్లు వేరు. ముందు ఒళ్లు బాగుచేయించుకొని వచ్చే ఏడు మాల వేసుకోమను, స్వామి ఏమీ అనుకోడు.

ఇక కల్లు. మీ వైపు వాళ్లు డాక్టరు దగ్గర మందు గురించి చెబుతారు, కల్లు గురించి చెప్పరు. కల్లును తాగుడు కింద లెక్కే పెట్టరు! కానీ దుకాణాల్లో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కేసులు ఏళ్ల తరబడి పట్టుబడుతూనే ఉన్నాయి. ఇవన్నీ నిద్ర తెప్పించే, మత్తెక్కించే మందులు. వీటికి అలవాటు పడిన మెదడుకు ఒక్కసారి ఆపితే మద్యం ఆపినట్టే ఫిట్స్ వస్తాయి. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు మీద దాడులు చేసి సరఫరా ఆపేస్తే జనం గుంపులుగా దవాఖానలకు వచ్చారు. చేతులు వణుకుతూ, పిచ్చి చూపులు చూస్తూ, మంచానికి కట్టేసినా ఆగకుండా. అప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. కల్లు తాగకపోతే మనిషి ఇట్లయితడా అని వెంట వచ్చినవాళ్లే నమ్మలేదు. దుబాయ్ పోయిన కొత్తలో క్యాంపులోనే ఫిట్స్ వచ్చి వెనక్కి పంపించేసిన మగపిల్లలనూ మా వార్డులో చూశాను. అక్కడ కల్లు దొరకదు కదా. అందుకని రోజుకు ఎన్ని సీసాల కల్లు, ఎంత మందు, ఆఖరిసారి ఎన్ని గంటలకు తాగాడు, ఫిట్స్ ఎన్నిసార్లు వచ్చాయి, ఇంకేం మాత్రలు మింగుతున్నాడు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకుపో. డాక్టరు ముందు ఆయన సగం చెబుతాడు, మిగతా సగం నీ కాగితం చెబుతుంది.

ఎక్కడికంటావా, ముందు మీ జిల్లా కేంద్రానికే. కామారెడ్డిలో 2023లో సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. మెడికల్ కాలేజీ దవాఖానలో మానసిక విభాగం ఉంటుంది. తాగుడు చూసేది ఆ డాక్టర్లే. చాలామంది కడుపు డాక్టరు దగ్గరికి పోయి లివర్ టానిక్ రాయించుకొని వస్తారు. పొద్దున్నే ఓపీ చీటీ దగ్గర "మానసిక విభాగం, తాగుడు మాన్పించడానికి" అని చెప్పి రాయించు. సిగ్గుపడకు, ఆ కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లు రోజూ వినేదే. అక్కడ పడకలు లేకపోతే నిజామాబాద్ జనరల్ హాస్పిటల్, అదీ కాకపోతే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం. ఎర్రగడ్డ అనగానే మీ మరిది నవ్వుతాడు. నవ్వనీ. ఆ నవ్వుకు భయపడి ఎంతమంది నగలు తాకట్టు పెట్టుకున్నారో నేను చూశాను.

ఓపీకి పోయే ముందే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. మత్తు అలవాట్ల కోసమే కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే నంబరు ఇంకొకటి ఉంది, 14446. ఆ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు ఉచితంగా నడిపే సెంటర్లు ఉన్నాయి. మీకు దగ్గరగా ఏది ఉందో ఆ నంబరులోనే అడుగు. ఇంట్లో ఫిట్స్ వస్తే మాత్రం ఇవేవీ వద్దు, 108 పిలువు. పక్కకు తిప్పి పడుకోబెట్టు, నోట్లో చెంచా పెట్టొద్దు. చేతిలో తాళంచెవి పెడితే ఆగుతుందని ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారు, వాళ్లను దూరంగా ఉంచు.

ఇంకో అలవాటు మన ఊళ్లల్లో ఉంది. నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీని పిలిచి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం. ఏళ్ల తరబడి తాగేవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్ కరువై ఉంటుంది. ముందు ఆ ఇంజక్షన్ ఇవ్వకుండా వట్టి గ్లూకోజ్ పంపితే మెదడు దెబ్బతినవచ్చు. వార్డులో మేం మొదట వేసేది బీ1. వణుకు, ఫిట్స్ రాకుండా ఇచ్చే మాత్రలు మొదట ఎక్కువ మోతాదులో మొదలుపెట్టి రోజురోజుకూ తగ్గిస్తారు. వట్టి మద్యానికైతే వారం చాలు. కల్లులోని మత్తుమందు కూడా కలిసిందంటే ఇంకొన్ని వారాలు తగ్గిస్తూ పోవాలి. ఆ మాత్రలు మెడికల్ షాపులో అడిగి సొంతంగా వాడొద్దు. ఒక అలవాటు పోయి ఇంకోటి పట్టుకుంటుంది.

ఇప్పుడు ఆ వ్యాను గురించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మందు, మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలనూ తన కిందికే తెచ్చింది. అలాంటి రోగులను ఉంచుకునే ఏ సెంటరైనా రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు కావాలి. ఆ సర్టిఫికెట్ చూపించమని అడుగు. మనిషికి ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే ఒక సైకియాట్రిస్టు, ఇంకొక డాక్టరో మానసిక ఆరోగ్య నిపుణుడో విడివిడిగా పరీక్షించి రాయాలి. అట్లా చేర్చుకున్నా మొదటి గడువు ముప్పై రోజులే. ఫోన్‌లో బేరం కుదుర్చుకొని, డాక్టరు మొహం చూడకుండా ఆరు నెలలు తాళం వేయడానికి ఏ చట్టమూ ఒప్పుకోదు. గొలుసులతో కట్టడం నేరం. రోగి ఫిర్యాదు చేసుకోవడానికి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు చిరునామా, ఫోన్ నంబరు గోడ మీద అందరికీ కనిపించేలా పెట్టాలి. అది లేని సెంటరు గడప తొక్కకు. రాత్రి డాక్టరు ఉంటాడా, ఫిట్స్ వస్తే ఏ దవాఖానకు తీసుకుపోతారు, ఇంటివాళ్లను ఎన్ని రోజులకు కలవనిస్తారు అని అడుగు. మూడు నెలలు రావొద్దన్నారంటే నాకు ఆ ఒక్క మాట చాలు. లోపల ఏం జరుగుతుందో బయటికి తెలియకూడదనుకునేవాళ్లే అట్లా అంటారు. మంచి ప్రైవేటు సెంటర్లు లేవని కాదు, ఉన్నాయి. అక్కడి వాళ్లు ఈ ప్రశ్నలకు విసుక్కోరు.

నేను దగ్గరి దవాఖాన అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, మాన్పించడం వారం పని, మానిన మనిషిని నిలబెట్టడం ఏడాది పైబడిన పని. నెలనెలా చూపించుకోవాలి. తాగాలనే యావ తగ్గించే మాత్రలు ఉన్నాయి, లివర్ పరీక్ష చూసి డాక్టరు రాస్తాడు. దూరపు సెంటరులో ఆరు నెలలు ఉండి వచ్చినవాడు బస్టాండులో దిగగానే ఎదురుగా వైన్స్ కనిపిస్తుంది, ఊళ్లోకి పోతే బెల్టు షాపు. ఆ సాయంత్రం ఆయన ఎవరికి ఫోన్ చేయాలి? అందుకే ఆల్కహాలిక్స్ అనానిమస్ గురించి చెబుతున్నాను. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టింది. ఫీజు లేదు, పేరు అడగరు, తాగుడు మానాలనే కోరిక ఒక్కటి ఉంటే చాలు. మానేసినవాళ్లే కూర్చుని మాట్లాడుకుంటారు. హైదరాబాద్‌లో మీటింగులు ఉన్నాయి. మీకు దగ్గర్లో ఎక్కడ జరుగుతుందో దవాఖాన వార్డులోని కౌన్సెలర్‌ను అడుగు. ఫోన్‌లో జూమ్ మీద తెలుగులో నడిచేవీ ఉన్నాయి. ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే ఉంది, అది నీకు.

ఆయన మళ్లీ ఒకరోజు తాగి వస్తాడు. చాలామంది తాగుతారు. అప్పుడు "అంతా దండగ" అని మీ మరిది మళ్లీ ఆ నంబరు తీస్తాడు. నువ్వు మర్నాడు ఓపీకి తీసుకుపో. ఎయిమ్స్ చేసి 2019లో బయటపెట్టిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మందుకు బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఓపీ చీటీ రాయించిన రోజే మీ ఆయన ఆ ఒక్కడవుతాడు.

కొట్టడం ఉందా? నీ ఉత్తరంలో రాయలేదు, కానీ అడగాలి. ఉంటే 181 మహిళా హెల్ప్‌లైన్. ఆయన చికిత్స అయ్యేదాకా ఓర్చుకోవాల్సిన పని లేదు.

ప్రశ్న: అమ్మా, మాది గుంటూరు జిల్లా. మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. గంజాయి తాగుతున్నాడని తెలిసింది. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందని మా బావగారు భయపెడుతున్నారు.

జవాబు: నాయనా, మీ బావగారు విన్నది వేరే సంగతి. చికిత్స కోసం వచ్చిన రోగి సమాచారం బయటికి చెప్పకుండా గోప్యంగా ఉంచాలని 2017 చట్టమే చెబుతోంది. 1985 మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. కొద్దిపాటి సరుకుతోనో, వాడుతూనో దొరికి కేసులో ఇరుక్కున్నవాడు కూడా తనంతట తాను సర్కారీ లేక సర్కారు గుర్తించిన ఆసుపత్రిలో చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స పూర్తి చేయాలి, మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాడికి ఇది వర్తించదు. ఆ సంగతి అబ్బాయికి మీరే చెప్పండి, స్నేహితుల కోసం తెచ్చిపెట్టడం కూడా ఎక్కడికి దారితీస్తుందో.

గుంటూరు జనరల్ హాస్పిటల్ మానసిక విభాగానికి తీసుకెళ్లండి. గంజాయిని మాన్పించే మాత్ర అంటూ ప్రత్యేకంగా లేదు, కౌన్సెలింగే ముఖ్యం. నిద్రకూ చిరాకుకూ కొన్నాళ్లు మందులు ఇస్తారు. అయితే ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారనడం, చెవిలో మాటలు వినిపిస్తున్నాయనడం ఉంటే మాత్రం వారం ఆగొద్దు, ఆ రోజే చూపించండి. గది తలుపు బద్దలుకొట్టి వెతకడం, కాలేజీ మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టడం వల్ల అబద్ధాలు పెరగడం తప్ప నేను వేరే ఫలితం చూడలేదు.

ప్రశ్న: ఆంటీ, నాన్న తాగుడు మానాలని అమ్మ ఆన్‌లైన్‌లో ఒక పొడి తెప్పించింది. ఆయనకు తెలియకుండా పప్పులో కలుపుతోంది. పోయిన ఆదివారం నాన్న బయట తాగొచ్చాక మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులు చేసుకున్నారు. పొడి పనిచేస్తోందని అమ్మ సంతోషపడుతోంది. మాది విజయనగరం జిల్లా.

జవాబు: తల్లీ, ఇవాళే ఆపించు. ఆ లక్షణాలు చూస్తే అందులో డైసల్ఫిరాం కలిసి ఉందేమోనని నా అనుమానం. అది తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర, అసలైన మందే. డాక్టరు గుండె, లివర్ పరీక్షించి, తాగితే ఏమవుతుందో రోగికి చెప్పి, అతను ఒప్పుకుంటేనే రాస్తాడు. తెలియకుండా పెట్టి పైన మద్యం పడితే బీపీ పడిపోయి గుండె ఆగిపోవచ్చు. పొడి మానేసినా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండగలదు. కాబట్టి నాన్నకు ఈ సంగతి చెప్పక తప్పదు. ఆయనకు కోపం వస్తుంది, రానీ. ఈ రెండు వారాలు దగ్గు సిరప్పుల్లో ఉండే ఆల్కహాల్ కూడా ప్రమాదమే. ఛాతీ నొప్పి, సొమ్మసిల్లడం ఉంటే 108.

ఆయన రోజూ తాగే మనిషైతే మానడం కూడా డాక్టరు చేతుల మీదుగానే జరగాలి. విజయనగరం సర్కారు ఆసుపత్రిలో చూపించండి, అక్కడ కుదరకపోతే విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. పోయేటప్పుడు ఆ పొడి ప్యాకెట్ పారేయకుండా వెంట పట్టుకెళ్లు. లేబుల్ మీద ఏమీ రాసి లేకపోయినా డాక్టరుకు చూపించు.